కథ లేని బొమ్మ

వారం వారం సీరియలు కోసం ఎదురుచూసే మనకు, బొమ్మ చూసినా "ఇంతకీ కథేమిటి?" అని అడగటం అలవాటు. రాముడు విల్లు విరుస్తున్నాడో, శకుంతల కాలిముల్లు తీసుకుంటున్నదో తేలితేగాని మనకు తృప్తి వుండదు. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ఒకప్పుడు పారిస్ పెద్దలకూ వుండేది.

1866లో క్లాద్ మోనే అనే పాతికేళ్ల చిత్రకారుడు పారిస్ దగ్గర ఒక అద్దె యింటి తోటలో పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. ఎత్తు రెండున్నర మీటర్లు. ఎండను ఎండలో నిలబడే గీయాలని అతని పట్టుదల. మరి పైభాగం అందేదెలా? నిచ్చెన ఎక్కితే చూపు కోణం మారిపోతుంది. అంచేత తోటలో కందకం తవ్వి, గిలకలు కట్టి, బొమ్మనే కిందికి దించుకుని గీశాడు! చివరి మెరుగులు మాత్రం గదిలో దిద్దాడు.

ఇంతా చేసి గీసిందేమిటి? "తోటలో స్త్రీలు". నలుగురు ఆడవాళ్లు. ఒకామె గొడుగు పట్టుకుని, తెల్లని దుస్తులు నేలమీద పరుచుకునేలా కూర్చున్నది. ఒకామె పూలగుత్తి వెనక ముఖం దాచుకున్నది. కాస్త దూరాన మరొకామె గులాబీపొద వైపు వెళుతున్నది. అంతే. విరహమూ లేదు, కలహమూ లేదు.

కాని ఆ తెల్లబట్ట మీది నీడ చూడండి. నల్లగా వుండదు, నీలంగా వుంటుంది. ఆకాశపు వెలుతురు నీడలోకీ వస్తుంది మరి. నమ్మకపోతే రేపు మీ పెరట్లో ఆరవేసిన తెల్లపంచె మీద పడిన నీడను నిమిషంసేపు చూడండి. నేను చూశాను. ఇన్నేళ్లుగా కడుతున్న పంచె. దాని నీడ రంగు ఆవేళే తెలిసింది.

1867లో సలోన్ అనే ప్రభుత్వ ప్రదర్శన పెద్దలు ఈ బొమ్మను తిప్పికొట్టారు. కథ లేదన్నారు, కుంచె గీతలు పైకి కనబడుతున్నాయన్నారు. మోనే చేతిలో డబ్బు లేదు. బొమ్మకు నమూనాగా నిలిచిన కమీల్ తల్లి కాబోతున్నది.

అప్పుడు ఫ్రెడరిక్ బజీల్ అనే మిత్రుడు ఆ బొమ్మను 2,500 ఫ్రాంకులకు కొన్నాడు. అతనూ చిత్రకారుడే, ఇంటినుంచి వచ్చే డబ్బుతో బతికేవాడు. అంచేత నెలకు 50 ఫ్రాంకుల వాయిదా. లెక్కకు యాభై నెలలు! డబ్బు ఆలస్యమైతే మోనే వుత్తరాల్లో నిష్ఠూరాలు కూడా ఆడాడు. స్నేహమంటే అదీ భరించటమే కాబోలు.

1870 నవంబరులో, ప్రష్యాతో జరిగిన యుద్ధంలో బజీల్ చనిపోయాడు. అప్పటికి అతని వయసు 28.

1921లో ఫ్రెంచి ప్రభుత్వం అదే బొమ్మను 2,00,000 ఫ్రాంకులకు కొన్నది. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో వున్నది.

రెండు లక్షలు యిచ్చినవారికి లోకమంతా సాక్ష్యం చెప్పింది. నెలకు యాభై యిచ్చినవాడికి తన కళ్లు తప్ప మరో సాక్ష్యం లేదు.