గీత గీయాల్సింది ఎక్కడ?

ప్రపంచంలో ఇక మీదట జరిగే పోరాటాలు నాగరికతల మధ్యేనని 1993లో అమెరికా ప్రొఫెసర్ శామ్యూల్ హంటింగ్టన్ తేల్చాడు. భూగోళాన్ని ఏడెనిమిది నాగరికతలుగా పంచి, మన దేశాన్ని హిందూ నాగరికత కింద రాసేశాడు. మూడు దశాబ్దాలు దాటినా ఆ సిద్ధాంతానికి గిరాకీ తగ్గలేదు. రష్యా, ఉక్రెయిన్ ఒకే నాగరికతవి కాబట్టి వాటి మధ్య హింసకు ఆస్కారం తక్కువని ఆయన లెక్క. అది ఎంత తప్పిందో 2022 నుంచి చూస్తూనే ఉన్నాం. అయినా టీవీ చర్చల్లో, ఎన్నికల సభల్లో మనవాళ్లు, పరాయివాళ్లు అన్న భాషే చెల్లుబాటవుతోంది.

ఆ విభజన మన పళ్లెంలోనే నిలవదు. ప్రకాశం జిల్లా దర్శి చుట్టుపక్కల కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసు వాళ్ల వెంట పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. పచ్చడి లేని ముద్ద దిగని మనం దాన్ని పరాయిదని అనం. మతం దగ్గరికి వచ్చేసరికే లెక్క మారిపోతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో కొంత కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. దీన్ని ఒక నాగరికత మీద మరో నాగరికత గెలుపుగా చూసేవాళ్లు అసలు ప్రశ్న వదిలేస్తున్నారు. ఊరి బావిలో చేద వేయనివ్వని, బడి గడప తొక్కనివ్వని సమాజాన్ని ఆ మనుషులు తమదని ఎందుకు అనుకోవాలి? వాళ్లు వెతుక్కున్నది మర్యాద. అది పూర్తిగా దక్కిందా అంటే, లేదు. కులం చర్చి లోపలికీ వచ్చి కూర్చుంది.

అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న కారంచేడులో 1985 జులై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది. తాము తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని అడగడం దగ్గర మొదలైన గొడవ అది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి శిబిరంలో తలదాచుకున్నారు. చంపినవాళ్లదీ చచ్చినవాళ్లదీ ఒకే ఊరు, ఒకే భాష. హంటింగ్టన్ పటంలో ఈ కులం గీత కనిపించదు. కనిపించదు కనుకే ఆ పటం కొందరికి అంత ఇష్టం. శత్రువు సరిహద్దు అవతల ఉన్నాడంటే ఇంట్లో లెక్కలు అడిగేవాడుండడు.

చట్టం కూడా ఆ పటాన్నే పట్టుకుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న దళితులకు బీసీ-సీ కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్. వాళ్లను వెలివేసినప్పుడు మాత్రం ఊళ్లో ఎవరూ మతం అడగరు. ఎస్సీ హోదాకు పెట్టిన మతం షరతు ఎత్తేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. పార్లమెంటు ఇకనైనా ఆ పని చేయాలి.