నేర్పించాం సరే, పంపిస్తున్నామా?

"మా అమ్మాయికి స్కూటీ వచ్చు, కారు కూడా వచ్చు" అని గొప్పగా చెప్పుకుంటాం. అదే అమ్మాయి పక్క జిల్లాలో పోటీ ఉంది, వెళ్తానంటే మాత్రం "తోడెవరొస్తారు?" అంటాం. నాన్నకు సెలవు దొరకదు, అన్నయ్యకు పరీక్షలు. ఇంకేముంది, ప్రయాణం ఆగిపోతుంది. నేర్పించేటప్పుడు లేని భయం పంపించేటప్పుడు ఎందుకో!

నాకీ ఆలోచన బలంగా కలిగింది అమెరికాలో, మా అమ్మాయి ఉండే ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. పక్కింటావిడ అరవై దాటిన రిటైర్డు టీచరు. క్యాంప్ పెర్రీలో రైఫిల్ పోటీలు చూడటానికి వెళ్తూ మమ్మల్నీ రమ్మంది. కారులో కాదు, తను నడిపే నాలుగు సీట్ల సెస్నా విమానంలో! ముందుగా అడిగింది మా బరువులు. "ఇద్దరూ నిజమే చెప్పాలి సుమా" అంది నవ్వుతూ. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి లెక్క సరిపోతేనే ఆ చిన్న విమానం బయల్దేరుతుంది. నలుగురిలో నా బరువు పైకి చెప్పడం అదే మొదలు!

సుమారు 160 కిలోమీటర్లు, గంటలోపే చేరాం. కింద మొక్కజొన్న చేలు, చివర్న సముద్రంలా ఈరీ సరస్సు. దారిలో ఆవిడ చెప్పిన విషయం నా మనసులో నిలిచిపోయింది. అక్కడ విమానం నడిపే లైసెన్సు కావాలంటే పైకి లేవడం, దిగడం వస్తే చాలదట. పక్కన గురువు లేకుండా, ఒంటరిగా వేరే ఊరి విమానాశ్రయాలకు వెళ్లి రావాలట. ఒక ప్రయాణమైతే మొత్తం 150 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 278 కిలోమీటర్లు ఉండాలి. మూడు చోట్ల దిగాలి. దీన్నే 'క్రాస్ కంట్రీ' అంటారు. ఒంటరిగా వెళ్లి రానిదే చదువు పూర్తయినట్టు కాదన్నమాట!

క్యాంప్ పెర్రీ 1907 నుంచి జాతీయ రైఫిల్ పోటీలకు పేరుపడ్డ చోటు. 200, 300, 600 గజాల దూరాన గురి. మగవాళ్లు, ఆడవాళ్లు, స్కూలు వయసు పిల్లలు ఒకే వరుసలో నిలబడి కాలుస్తారు. అక్కడ జాతీయ హైపవర్ రైఫిల్ చాంపియన్‌షిప్‌ను 1998లో నాన్సీ టాంప్‌కిన్స్ గెలుచుకుంది. ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆమే. 2010లో అదే చాంపియన్‌షిప్ ఆమె కూతురు షెర్రీ గాలగర్‌కు దక్కింది. తల్లి నడిచిన దారి కూతురికి ఎంత దగ్గరవుతుందో చూడండి!

"మరి భద్రత మాటేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆవిడ బయల్దేరే ముందు వాతావరణం చూసుకుంది. పగటి పూట గమ్యం చేరాక ఇంకో అరగంట ఎగరడానికి సరిపడా పెట్రోలు మిగలాలన్నది అక్కడి నిబంధన. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి చేరేదీ ఇంట్లో చెప్పింది. మబ్బులు కమ్మితే ప్రయాణం మానేస్తానని ముందే అంది. పోటీల్లోనూ అంతే, కాల్పులు ఆగగానే ప్రతి తుపాకీ ఖాళీగా ఉందని తెలిసేలా గుర్తు పెట్టాల్సిందే. పద్ధతిగా ఏర్పాట్లు చేసుకోవడమే అక్కడ భద్రత. ఇంట్లో కూర్చోబెట్టడం కాదు.

మన పిల్లల్లో సత్తా లేదా? మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో షూటింగ్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అలాంటి పతకాలు గేటు లోపల కూర్చుంటే రావు కదా!

అందుకే నా మాట ఇది. అమ్మాయికి బండి నేర్పినప్పుడే ప్రయాణం చేయడం కూడా నేర్పుదాం. టికెట్టు తనే కొనుక్కోనివ్వండి, బస ఎక్కడో తనే కనుక్కోనివ్వండి. చేరగానే ఫోను చేయమనండి. ముందు పక్క ఊరు, తర్వాత పక్క జిల్లా, ఆ తర్వాత పక్క రాష్ట్రం. పంపే ధైర్యం అమ్మకు ఉండాలి. వెళ్లే ధైర్యం అమ్మాయికి దానంతటదే వస్తుంది. ఏమంటారు?