ఎఫ్‌ఎం మోతలో హైడ్రోజన్ జాడ

సరూర్‌నగర్‌లో మా ఆఫీసు కింద ఆటోల్లో మోగే ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ 88, 108 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య పలుకుతాయి. తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ జాడ కోసం శాస్త్రజ్ఞులు గాలించేదీ ఆ పరిసరాల్లోనే. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఆ పని కుదరదు.

అందుకే బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారు సారస్-2 యాంటెన్నాను అనంతపురం వైపు, చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్‌కు తీసుకెళ్లారు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. జాడ దొరకలేదు. కానీ వాయువు వేడెక్కడం బాగా ఆలస్యమై, అయనీకరణం మాత్రం చకచకా ముగిసిందనే కొన్ని ఊహలు కొట్టుకుపోయాయి. నా లెక్కలో అదీ ఫలితమే.

హైడ్రోజన్ పరమాణువు 1420 మెగాహెర్ట్‌జ్ రేడియో తరంగాన్ని మింగగలదు. వెనక విశ్వమంతా నిండిన తొలినాటి వికిరణం ఉండొచ్చు, సుదూర క్వేజార్ ఉండొచ్చు. ముందున్న వాయువు చల్లగా ఉంటే వర్ణపటంలో చిన్న గుంట పడుతుంది. విశ్వం వ్యాకోచించడంతో ఆ గుంట మన దగ్గరికి వచ్చేసరికి వంద మెగాహెర్ట్‌జ్‌కి అటూ ఇటూ జారిపోతుంది. 2018లో అమెరికా బృందం ఎడ్జెస్ 78 మెగాహెర్ట్‌జ్ దగ్గర దాన్ని చూశామంది. కర్ణాటక జలాశయాల మీద తేలుతూ కొలిచిన సారస్-3, 2022లో కాదంది. క్వేజార్ల దారి ఇంకా కష్టం. అంత పాతవి, రేడియోలో అంత ప్రకాశించేవి బహు కొద్ది.

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఈ వేట గురించే. లెక్కలున్న పేజీలు దాటేయకండి, ఇంటర్ ఫిజిక్స్ చాలు. సందేహాలుంటే రాయండి, వచ్చే నెల జవాబిస్తాం.