పాత స్పీకరు కొనేముందు

పోయిన నెల మిక్సీ మోటార్ల గురించి రాసింది చదివి చాలామంది దుకాణం దాకా వచ్చి మాట్లాడిపోయారు. అందులో ఒక తమ్ముడు మిక్సీ సంగతి వదిలిపెట్టి ఇంట్లో గొడవ చెప్పుకున్నాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"మా నాయిన ముప్ఫై ఏండ్లు సాంచలు నడిపిండన్నా. ఇప్పుడు టీవీ పెడితే గల్లీ అంత వినబడాలె. ఇంట్ల కోడలికి తలనొప్పి, పిల్లలకు చదువు సాగదు. కిస్తుల మీద కొత్త సౌండ్ బాక్సు తెచ్చిన, వెయ్యి వాట్లని రాసుంది. సప్పుడు పెద్దగనే వస్తది గని, మాట సమజైతలేదంటడు నాయిన."

ఇది ఆయన ఒక్కడి ఇంటి కథ కాదు. షోలాపూర్‌లోనైనా, భివండిలోనైనా, సాంచల మీద బతికిన మన ఇళ్లన్నిట్లో ఈ గొడవ ఉన్నదే. అందుకే ఈ నెల స్పీకర్ల సంగతి. తక్కువ డబ్బులో మాట స్పష్టంగా వినిపించే డబ్బా కావాలంటే, పాత స్పీకర్లలో వెతకడం మంచిదని నా అనుభవం. అయితే చూసి కొనాలి. ఎట్లా చూడాలో చెప్తాను.

ముందు చెవి సంగతి. ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని ఉంటుంది. షటిల్ సాంచల షెడ్డులో ఆ హద్దు దాటడం మామూలే. అట్లాంటి సప్పుడులో ఏళ్ల తరబడి పనిచేస్తే చెవి ఒకేసారి మూతపడదు. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. డాక్టర్ల లెక్కలో 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన మాటలో ఆ, ఓ లాంటి అచ్చుల బలం కింది శబ్దాల్లో ఉంటుంది. స, శ, త, క లాంటి అక్షరాల పదును పైశబ్దాల్లో ఉంటుంది. పెద్దాయనకు అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. "వినబడుతుంది కానీ సమజ్ అయితలేదు" అని ఆయన అంటున్నది నూటికి నూరు పాళ్లు నిజం. మొండితనం కాదు.

అట్లాంటి చెవి ముందు దబదబలాడే బాక్సు పెడితే ఏమవుతుంది? ఆ లావు సప్పుడు మాటను మింగేస్తుంది. వాల్యూమ్ పెంచితే దబదబ కూడా పెరుగుతుంది, మాట ఉన్నచోటే ఉంటుంది. ఇంట్లో ఈ రోజే చేసి చూడండి. బాస్ పూర్తిగా తగ్గించి, ట్రెబుల్ కొద్దిగా పెంచి వార్తలు పెట్టండి. కొన్ని ఇళ్లలో ఖర్చు లేకుండానే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక వెయ్యి వాట్ల లెక్క. డబ్బా మీద పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెను పట్టించుకోవద్దు. అది అమ్మడానికి వేసిన అంకె, పనికొచ్చేది కాదు. ఆర్‌ఎంఎస్ అని రాసిన వాట్లనే నమ్మాలి. దానికంటే ముఖ్యమైనది, ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందన్నది. దాన్ని డెసిబెల్స్‌లో చెప్తారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు వాట్లు రెట్టింపు కావాలి. అంటే 93 డెసిబెల్స్ పలికే పాత డబ్బాకు 10 వాట్లు సరిపోయేచోట, 87 డెసిబెల్స్ పలికే చిన్న డబ్బాకు 40 వాట్లు కావాలి. రేడియోలు, టేపురికార్డర్ల కాలంలో యాంప్లిఫయర్లు చిన్నవి. కాబట్టి తక్కువ వాట్లకే గట్టిగా పలికేట్టు స్పీకరు తయారుచేసేవాళ్లు. పలుచటి కాగితం కోన్, పెద్ద అయస్కాంతం, గాలికి చోటున్న చెక్క డబ్బా. మాట పలికే మధ్య శబ్దాలు వాటిలో నిండుగా ఉంటాయి.

పాతది అంటే పనికి రానిది కదా అని కొందరికి అనుమానం. ఫోను పాతబడినట్టు స్పీకరు పాతబడదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెలాగ్ 1925లో చూపించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కోన్. కరెంటు మారినకొద్దీ చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, కోన్ గాలిని తోస్తుంది, మనకు సప్పుడు వినబడుతుంది. అయస్కాంతం వంద ఏళ్లున్నా ఒక్కసారిగా చచ్చిపోదు. చెడిపోయేవి నాలుగే: కోన్ అంచు, లోపలి చుట్ట, డబ్బాలోని కెపాసిటర్, డబ్బా చెక్క. ఈ నాలుగూ చూసుకుంటే చాలు.

కోన్ అంచు. ముందరి గుడ్డ లేదా జాలీ తీయించి చూడండి. తీయనివ్వనివాడి దగ్గర కొనొద్దు. కోన్ చుట్టూ అంచు మూడు రకాలుగా ఉంటుంది. మడతలు మడతలుగా కాగితమో గుడ్డో ఉంటే చాలా ఏళ్లు ఉంటుంది. రబ్బరు కూడా గట్టిదే, పగుళ్లు లేవా అని చూడాలి. స్పాంజి లాంటి ఫోమ్ ఉంటే జాగ్రత్త. పదిహేను ఇరవై ఏళ్లలో అది దానంతటదే కుళ్లిపోతుంది, వాడినా వాడకున్నా ఒకటే. వేలితో మెల్లగా తాకండి. జిగురుగా అంటుకున్నా, పొడిపొడిగా రాలినా దాని పని అయిపోయినట్టే. అంతమాత్రాన స్పీకరు పోలేదు. కొత్త ఫోమ్ రింగు అతికించవచ్చు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం ఆడండి.

లోపలి చుట్ట. రెండు చేతుల వేళ్లు కోన్ మీద మధ్యకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా పోయి రావాలి. గరగరమని రాపిడి తగిలితే చుట్ట పక్కకు జరిగిందో, కాలి ఉబ్బిందో అనుకోండి. దాన్ని అక్కడే వదిలేయండి. తర్వాత మీటరు పెట్టండి. 8 ఓమ్స్ అని రాసి ఉన్నదానికి మీటరు మీద దాదాపు 6 నుంచి 7 దాకా చూపిస్తుంది. 4 ఓమ్స్ దానికి 3 నుంచి 4 లోపు. ఇది మామూలే, తక్కువ చూపించిందని భయపడొద్దు. అసలు ముల్లే కదలకపోతే తీగ తెగినట్టు. మీటరు లేనివాళ్లు ఒక పెన్సిల్ సెల్లు, రెండు వైర్లు జేబులో వేసుకుపోండి. డబ్బా వెనక ఎరుపు, నలుపు మీద ఒక్క క్షణం తాకించి తీసేయండి. "టక్" మనాలి. సెల్లు ప్లస్సు ఎరుపుకు పెడితే కోన్ మామూలుగా ముందుకు వస్తుంది.

ఒక కిటుకు. డబ్బాలో పెద్ద వూఫర్, చిన్న ట్వీటర్ రెండూ ఉంటే, వెనకనుంచి మీటరు చూపేది మామూలుగా వూఫర్ సంగతే. ట్వీటర్ దారిలో కెపాసిటర్ అడ్డం ఉంటుంది. కాబట్టి ట్వీటర్ బతికుందా లేదా అన్నది పాట పెట్టి, చెవి దగ్గర పెట్టి వినాల్సిందే. ముసలివాళ్ల చెవితో కాదు, ఇంట్లో చిన్నపిల్లల చెవితో వినిపించండి.

కెపాసిటర్. ట్వీటర్ బతికే ఉండి సన్నగా పలుకుతుంటే, చాలాసార్లు లోపలి కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. దాని ఖరీదు తక్కువే. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్ అంకె ఉండాలి, నాన్‌పోలార్ రకం అయి ఉండాలి. ప్లస్సు మైనస్సు ఉన్న మామూలు రకం వేస్తే పని చెడిపోతుంది.

డబ్బా చెక్క. వేలి కణుపుతో చుట్టూ తట్టండి. టేకు ప్లై అయితే గట్టిగా, పొడిగా మోగుతుంది. పొట్టు అదిమి చేసిన బోర్డు అయితే అడుగు భాగం చూడండి. వానల్లో తడిసి ఉబ్బిందంటే స్క్రూ నిలవదు. మూలల్లో చెదలు మన్ను కూడా చూడండి. ఇంట్లోకి స్పీకరుతో పాటు చెదలు తెచ్చుకోవద్దు.

ఇవన్నీ అయ్యాక వినండి. మీ ఫోన్‌లో మీకు బాగా తెలిసిన పాట ఒకటి, మనిషి మాట్లాడే వార్తలు ఒకటి తీసుకుపోండి. అమ్మేవాడు పెట్టే పాట వినొద్దు. వాడు ఆ డబ్బాకు నప్పేదే పెడతాడు. ఒక్కొక్క డబ్బా విడివిడిగా, తక్కువ వాల్యూమ్‌లో, పది నిమిషాలు వినండి. మంచి స్పీకరు మెల్లగా పెట్టినా మాట విడివిడిగా చెప్తుంది. తర్వాత రెండూ కలిపి పెట్టండి. లావు శబ్దం ఉన్నట్టుండి మాయమైతే ఒకదానికి వైర్లు తిరగబడ్డాయి, అంతే. మార్చి చూడండి. రెండు డబ్బాలూ ఒకే జత కావాలి. ఒకటి ఒక కంపెనీ, ఇంకొకటి ఇంకొక కంపెనీ అంటే ధర సగానికి సగం పడిపోవాలి.

ఎక్కడ వెతకాలి? ముందు మన బస్తీలోనే. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, పాత టేప్ డెక్ అటక మీద పెట్టినవాళ్లు, కబాడీ దుకాణం. ముంబైలో ఉన్నవాళ్లకు చోర్ బజార్ ఉంది, విడిభాగాలకు లామింగ్టన్ రోడ్డు ఉంది. పుణెలో జూనా బజార్, హైదరాబాద్ పోతే జుమేరాత్ బజార్. ఫిలిప్స్, కోల్‌కతాలో 1970లో మొదలైన సోనోడైన్, కాస్మిక్ లాంటి పేర్లు కనబడితే ఆగి చూడండి. పేరు చూసి మాత్రం కొనొద్దు. పేరు బిళ్ల ఎవరైనా ఊడదీసి అతికించగలరు, అయస్కాంతం బరువు అతికించలేరు. ఎత్తి చూడండి.

కొన్నాక ఇంకో రెండు పనులు. 4 ఓమ్స్ డబ్బాను 8 ఓమ్స్‌కు చేసిన యాంప్లిఫయర్‌కు పెడితే అది వేడెక్కి కాలిపోవచ్చు, వెనక రాసింది చదవండి. టీవీకి కలపాలంటే వెనక హెడ్‌ఫోన్ రంధ్రమో, ఎరుపు తెలుపు సాకెట్లో ఉన్నాయా చూడండి. లేకపోతే మధ్యలో చిన్న కన్వర్టర్ కావాలి. డబ్బాను నేల మీద మూలకు నెట్టొద్దు, దబదబ పెరుగుతుంది. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, ఆయనకు దగ్గరగా పెట్టండి. దూరం సగం చేస్తే వాల్యూమ్ పెంచాల్సిన పని చాలా తగ్గుతుంది.

మండళ్ల పెద్దలకు ఒక మాట. హాలుకు పాతవి కొనేటప్పుడు నిలువుగా పొడుగ్గా ఉండే కాలమ్ స్పీకర్లు చూడండి. అవి సప్పుడును పైకప్పుకు తక్కువగా, జనం వైపు ఎక్కువగా పంపుతాయి. అందుకే ప్రతిధ్వని తగ్గి మాట తెలుస్తుంది. హారన్లు బయట ఊరేగింపుకే. వాటి యూనిట్ డయాఫ్రమ్ పోతే మార్చుకోవచ్చు. 100 వోల్టుల లైనుకు చేసినవాటిని ఇంటి యాంప్లిఫయర్‌కు నేరుగా కలపొద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదన్న రూలు 2000 నుంచి ఉంది. షిఫ్టు దిగి పడుకున్న మనిషి నిద్ర కూడా ఆ రూలులోనే ఉంది.

చివరగా ఒకటి గట్టిగా చెప్పాలి. ఏ స్పీకరూ చెవుడుకు మందు కాదు. ఇంట్లో పెద్దాయనకు మాట అందడం లేదంటే ముందు చెవి పరీక్ష చేయించండి. ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడే అడగండి. సప్పుడు వల్ల వచ్చే చెవుడు చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల పట్టికలో ఉంది. మన పెద్దవాళ్లు ముసలితనం అని ఊరుకుంటారు. ముసలితనం కాదు, ముప్ఫై ఏళ్ల సాంచల సప్పుడు అది. ఇప్పుడు పనిచేసే తమ్ముళ్లు చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. పోయిన చెవి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు.

కొనబోయే డబ్బా మీద అనుమానం ఉంటే ఆదివారం పొద్దున దుకాణానికి తీసుకురండి. మీటరు పెట్టి చూసినందుకు నేను డబ్బులు తీసుకోను. వచ్చే నెల వానలకు ముందు ఇంటి వైరింగు ఎట్లా చూసుకోవాలో రాస్తాను.