చక్రాలున్న ఇంట్లో చంటిపిల్లలతో

మా ఆఫీసులో న్యూజిలాండ్ జ్వరం పట్టుకుని చాన్నాళ్ళయింది. ఫొటోలో పాలనీలం రంగు సరస్సు, వెనకాల మంచుకొండ, ముందు తెల్లటి క్యాంపర్ వ్యాన్, దాని పక్కన మడతకుర్చీలో కాఫీ కప్పుతో మనవాడు. అది చూసి ఇంకొకాయన బుక్ చేస్తాడు. చెయ్యనివ్వండి, మంచిదే. కానీ బుక్ చేసిన మర్నాడే ఒక ఎక్సెల్ షీట్ తయారవుతుంది చూశారూ, నా గొడవంతా దాంతోనే. తొమ్మిది రోజులు, పదకొండు ఊళ్ళు! క్రైస్ట్‌చర్చ్‌లో విమానం దిగిన సాయంత్రానికే టెకాపో, మర్నాడు పొద్దున మౌంట్ కుక్, రాత్రికి వనాకా, ఆ తర్వాత క్వీన్స్‌టౌన్, అక్కణ్ణుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కి వెళ్ళి అదే రోజు వెనక్కి. రిలీజ్ ప్లాన్‌లో బఫర్ లేదని మేనేజర్ని తిట్టుకునే మనమే, రెండేళ్ళ పిల్ల ఉన్న ప్రయాణంలో అరగంట బఫర్ కూడా పెట్టం.

పోయినేడాది ఫిబ్రవరిలో మేం కూడా వెళ్ళాం. మా వాడికి అయిదేళ్ళు, చిన్నదానికి రెండున్నర. పన్నెండు రోజులు, ఊళ్ళు మాత్రం అయిదే. వచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, "పిల్లలతో వర్కవుట్ అవుతుందా?" అని. అవుతుంది, బ్రహ్మాండంగా అవుతుంది, దాన్ని ఇల్లనుకుంటే. కారనుకుని రోజంతా తోలేటట్టయితే మటుకు దానికంటే మామూలు కారూ మోటెల్ గదీ నయం.

ముందు "చవక" అనే భ్రమ వదిలించుకోండి. వ్యాన్ అద్దె, డీజిల్, దానిమీద కిలోమీటరుకింత అని కట్టే రోడ్డు చార్జీ, రాత్రిపూట హాలిడే పార్కులో కరెంటు కనెక్షన్ ఉన్న స్థలానికి అద్దె, అన్నీ కూడితే చిన్న కారు, వంటగది ఉన్న మోటెల్ కంటే మాకు మిగిలిందేం లేదు. ఎక్కడపడితే అక్కడ ఊరికే ఆపుకుని పడుకోవచ్చనుకుంటారు చాలామంది. అక్కడా ఊరికో నిబంధన ఉంది. 2023లో చట్టం మార్చి బిగించిన టాయిలెట్ ఉన్న బండికే ఆ సర్టిఫికెట్టు అన్నారు కూడాను.

మరి ఆ డబ్బుకి వచ్చేదేమిటంటే, మధ్యాహ్నం రెండింటికి పిల్ల రాగం అందుకునేలోపే సరస్సు పక్కన బండి ఆపి, ఫ్రిజ్‌లోంచి పెరుగన్నం తీసి పెట్టి, అక్కడే పడుకోబెట్టగలగడం. "నాన్నా, వన్!" అనగానే రెండడుగుల్లో బాత్రూం ఉండటం. ఊరు మారినా పిల్లల మంచం, దుప్పటి, బొమ్మల సంచీ మారకపోవడం. చంటిపిల్లల తల్లిదండ్రులకి దీని విలువ నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే ఎక్సెల్ షీటు తరువాతి గడి చూపించి తొందరపెడుతుంటే ఈ సుఖాల్లో ఒక్కటీ అందదు. పిల్ల నిద్రపోయేది సీటు బెల్టులోనే, తినేది పెట్రోల్ బంకు దగ్గర చిప్సే.

దూరాలు మ్యాపులో చూస్తే చిన్నవే. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సుమారు 225 కిలోమీటర్లు. కారుకి మూడు గంటలు, పిల్లలున్న వ్యాన్‌కి అయిదు. పైగా వేసవిలో వాళ్ళ గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి తొమ్మిదంటే పిల్లల ఒంటికి మధ్యాహ్నం ఒకటిన్నర! ఫిబ్రవరిలో ఎనిమిదిన్నర దాకా వెలుతురు కూడా ఉంటుంది, ఇక వాళ్ళని ఎవరు పడుకోబెడతారు? అందుకని దిగిన రోజు బండి తియ్యకండి. ఊళ్ళోనే గది తీసుకుని, మర్నాడు పిల్లల్ని మార్గరెట్ మాహీ ప్లేగ్రౌండ్‌లో వదిలెయ్యండి. 2015లో తెరిచారు, టికెట్ లేదు, సగం రోజు అక్కడే గడిచిపోతుంది.

తర్వాత కూడా రోజుకి రెండు గంటల డ్రైవింగు, తప్పనిసరైతే మూడు. ప్రతి చోటా కనీసం రెండు రాత్రులు. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ ఒక వైపే 287 కిలోమీటర్లు, దాన్ని ఒక్కరోజులో వెళ్ళి రావడం పెద్దవాళ్ళకే శిక్ష. టె అనావులో మకాం పెడితే 118. ఆ ఊళ్ళో ఎగరలేని టకహే పక్షుల్ని ఉచితంగా చూపిస్తారు, పిల్లలకి పడవ ప్రయాణం కంటే అదే నచ్చుతుంది. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కి క్రౌన్ రేంజ్ రోడ్డు దగ్గరే గానీ, 1,076 మీటర్ల ఎత్తుకెక్కి మెలికలు తిరుగుతూ దిగుతుంది. వాంతులయ్యే పిల్లలుంటే ఓ నలభై కిలోమీటర్లు ఎక్కువైనా క్రామ్‌వెల్ మీదుగా వెళ్ళండి. (పెద్ద వ్యాన్‌తో ఆ దిగుడు నాకూ ఇష్టం లేదు, అది వేరే సంగతి.)

ఇంకో విషయం, ఇందులో నేను సరదాకి కూడా మొహమాటపడను. నడుస్తున్న బండిలో పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టి, పక్కన అమ్మ పట్టుకుని కూర్చున్న వీడియో ఒకటి గర్వంగా చూపించాడొకాయన. మన స్లీపర్ బస్సుల అలవాటు. అది నేరం, అంతకంటే ముందు ప్రాణానికి ముప్పు. అక్కడ ఏడేళ్ళు నిండేదాకా పిల్లలు ఆమోదం ఉన్న చైల్డ్ సీట్లోనే కూర్చోవాలి. వ్యాన్‌లో ప్రతి సీటూ దానికి పనికిరాదు. పక్కకి తిరిగి ఉన్నవాటికి బిగించకూడదు, పైపట్టీ తగిలించే కొక్కెం కొన్నిటికే ఉంటుంది. ఆరు బెర్తులంటే ఆరుగురు పడుకోవచ్చని మాత్రమే అర్థం. పిల్లల వయసులు రాసి, ఏ సీటుకి ఏ చైల్డ్ సీటు పడుతుందో డబ్బు కట్టకముందే మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. బయల్దేరేటప్పుడు అరల గొళ్ళేలన్నీ తోసి చూడండి. సడన్ బ్రేకు పడితే కుక్కరూ ఎగురుతుంది, కత్తిపీటా ఎగురుతుంది. డ్రైవర్ నెత్తి మీదుండే మంచం కోసం పిల్లలు ఎంత పేచీ పెట్టినా అది పెద్దవాళ్ళకే.

ఇల్లన్నాక ఇంటిపని ఉంటుంది. అసలు తకరారు ఇక్కడ. కడుపునిండా ఫొటోలు దిగొచ్చిన ఒక కొలీగ్ భార్య మా ఆవిడతో అన్న మాట ఇది: "అక్కా, ఇంట్లో అంట్లు తోముతుంటే కిటికీలోంచి ఎదురు అపార్ట్‌మెంటు కనపడేది, అక్కడ మంచుకొండ కనపడింది. అంతే తేడా." నిజమే కదండీ. ఇంట్లో అయితే మిక్సీ, పనమ్మాయి, వాషింగ్ మెషిన్ ఉంటాయి. వ్యాన్‌లో రెండు పొయ్యిలు, పళ్ళెమంత సింకు, లెక్కపెట్టి వాడుకోవాల్సిన నీళ్ళు. కరెంటు తగిలించని చోట రైస్ కుక్కర్ కూడా పని చెయ్యదు, బండి బ్యాటరీ లైట్లకీ ఫ్రిజ్‌కీ మాత్రమే. ఆ ఇరుకులో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి సాంబారు కావాలనే మహానుభావులున్నారు. అడిగితే "నేను డ్రైవ్ చేసొచ్చాను కదా" అంటారు. ఎనిమిది గంటలు తోలమన్నదెవరు? ఆ ఎక్సెల్ షీట్ వేసిందెవరు?

రెండు గంటలే నడిపితే ఆ సాకు దానంతటదే పోతుంది. మేం డ్రైవింగు చెరి సగం చేశాం. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది, రోడ్డుకి ఎడమవైపే నడపాలి, కాబట్టి "ఆవిడకి అక్కడ కుదరదండీ" అనేది వట్టి మాట. రాత్రి వంట, అంట్లు, మురుగు నీళ్ళు వదలడం, టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చెయ్యడం నావి. ఆ క్యాసెట్‌ని సూట్‌కేసులా లాక్కుంటూ డంప్ స్టేషన్‌కి వెళ్తుంటే ఎదురొచ్చే తండ్రులందరూ ఒకళ్ళనొకళ్ళు చూసి తలాడిస్తారు, అదో సంఘం. వంట కూడా నాలుగే రకాలు: కిచిడీ, పాస్తా, గుడ్డుకూర, పెరుగన్నం. పన్నెండు రోజులు సాంబారు లేకపోతే ఎవరి కొంపా మునగలేదు. మా ఆవిడ టెకాపో ఒడ్డున ఒక మధ్యాహ్నమంతా పుస్తకం చదువుకుంది. పెళ్ళయ్యాక తను అలా కూర్చోవడం నేను చూడటం తక్కువ.

ఎప్పుడు వెళ్ళాలంటే, సంక్రాంతికి అక్కడ బడి సెలవులు, అద్దెలు మండిపోతాయి. దసరాకి వాళ్ళకి వసంతం మొదలు, కొండల్లో ఇంకా మంచు పడొచ్చు. ఫిబ్రవరి, మార్చి హాయి. మన పిల్లలు ఒకటో తరగతిలో పడ్డాక ఫిబ్రవరిలో రెండు వారాలు సెలవడిగి చూడండి, తెలుస్తుంది. వెళ్ళేదేదో ఇప్పుడే వెళ్ళండి.

అన్నట్టు, ఆవకాయ సంగతి అడుగుతారని తెలుసు. తినే వస్తువు ఏది పట్టుకెళ్ళినా, పొడులతో సహా, డిక్లరేషన్‌లో రాసెయ్యండి. రాసినందుకు జరిమానా ఉండదు, మహా అయితే తీసి పారేస్తారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. మా కందిపొడి విప్పి చూసి ఇచ్చేశారు. తేనె మాత్రం ఒప్పుకోరు, దాన్ని ఇంట్లోనే వదిలెయ్యండి.