పనికో జోడు

మోకాలు, చీలమండ కాపాడుకోవడానికి పది వేల రూపాయల బ్యాడ్మింటన్ బూట్లు అక్కర్లేదు. అట్ట సరైనదైతే రెండు వేలకే పని జరిగిపోతుంది

బూటు ఎందుకు వేసుకోవాలో భిలాయ్ వాసులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి ఊరి బతుకంతా ఉక్కు చుట్టూనే తిరుగుతోంది. కర్మాగారంలోకి వెళ్లే మనిషికి తల మీద హెల్మెట్ ఎంత ముఖ్యమో, కాలికి సేఫ్టీ షూ అంత ముఖ్యం. వేళ్ల మీద ఇనుప ముక్క పడినా ఆగే ఉక్కు టోపీ, నూనె మీద జారని అట్ట, వేడిని తట్టుకునే తోలు. అది అలంకారం కాదు, పనిముట్టు. ఈ సంగతి అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

విచిత్రమేమిటంటే, అదే మనిషి షిఫ్టు దిగి సాయంత్రం రాకెట్ పట్టుకోగానే ఈ సూత్రం మర్చిపోతాడు. ఉదయపు నడక కోసం కొన్న రన్నింగ్ షూతోనే కోర్టులోకి దిగుతాడు. రాకెట్‌కు మూడు వేలు, తీగ బిగింపునకు ఐదు వందలు వెనకాడకుండా పెట్టేవారు కూడా బూట్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఉన్నవి చాలవా’ అంటారు. చాలవు. పైగా ఆ మెత్తటి రన్నింగ్ షూ కన్నా పాత పీటీ షూయే కొంత నయం.

కారణం ఆటలోనే ఉంది. పరుగెత్తేవాడు ముందుకే వెళ్తాడు. అతని బూటు మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. కింది స్పాంజి ప్రతి అడుగు అదురునూ మింగుతుంది. షటిల్ ఆడేవాడు ముందుకు, వెనక్కు, పక్కలకు దూకుతాడు. నెట్ దగ్గర పడే షటిల్ కోసం చాచి వేసే ఒక్క అడుగులో ముందరి కాలిపై పడే భారం శరీర బరువుకు రెండింతలు దాటుతుంది. స్మాష్ కొట్టి కిందికి దిగేటప్పుడు తరచూ ఒంటి కాలే నేలను తాకుతుంది. పక్కకు దూకి ఆగాల్సిన క్షణంలో మడమ కింద ఎత్తైన స్పాంజి ఉంటే పాదం దాని మీది నుంచి ఒరిగిపోతుంది. నిచ్చెన ఎంత ఎత్తయితే పడటం అంత సులువు కదా. చీలమండ బయటివైపు బెణకడం ఈ ఆటలో సర్వసాధారణం కావడానికి ఇదో కారణం.

బెణుకే కదా అని కొట్టిపారేయడానికి లేదు. నెల జీతం ఆగని ఉద్యోగికి అది వారం రోజుల సెలవు. పర్మినెంటు ఉద్యోగాలు తగ్గి, కాంట్రాక్టు పని పెరిగిన పారిశ్రామిక పట్టణంలో రోజుకూలీ మీద బతికేవాడికి అదే బెణుకు వారం కూలి డబ్బు. ఒకసారి సాగిన స్నాయువు సరిగ్గా మానకపోతే మళ్లీ మళ్లీ మొరాయిస్తుంది. నలభై దాటాక సరదాగా మొదలుపెట్టిన ఆట చాలామందికి ఆగిపోయేది ఊపిరి చాలక కాదు, కాలు చెడి.

ఇక పిల్లల సంగతి. భిలాయ్‌ను ఆనుకుని ఉన్న దుర్గ్‌లో 2001లో పుట్టిన ఆకర్షి కశ్యప్ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచిన భారత జట్టులో ఉంది. బ్యాడ్మింటన్ అంటే హైదరాబాద్, బెంగళూరు మాత్రమే కాదని ఛత్తీస్‌గఢ్ పిల్లలకు చూపింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఉక్కు టౌన్‌షిప్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకైతే పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, పి.వి. సింధు పేర్లు ఇంట్లో మాటలే. అమ్మాయిని కోచింగ్‌లో చేర్పించడానికి ఉత్సాహపడే తల్లిదండ్రులకు ఫీజు, షటిళ్లు, రాకెట్ తర్వాత మిగిలేది తక్కువ. కోత పడేది బూట్ల మీద. ఎదిగే ఎముకల విషయంలో కోయకూడని చోటు అదే.

ఎంత పెట్టాలి? నివియా, వెక్టర్ ఎక్స్ వంటి దేశీయ బ్రాండ్లలో వెయ్యికి కాస్త అటూఇటూగా జతలు మొదలవుతాయి. యోనెక్స్, లీ నింగ్, విక్టర్ కంపెనీల ప్రారంభ శ్రేణి రెండు, మూడు వేల మధ్య దొరుకుతుంది. పై శ్రేణి పది వేలు కూడా దాటుతుంది. వారానికి మూడు, నాలుగు రోజులు ఆడేవారికి 1,500 నుంచి 2,500 రూపాయల మధ్య జత సరిపోతుంది. ఆ పైన పెట్టే డబ్బు తేలికదనానికి, ఒకింత మెరుగైన కుషన్‌కు, మిగతాది పేరుకు. పన్ను కూడా ఇప్పుడు సామాన్యుడి వైపే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయలు దాటని పాదరక్షలపై జీఎస్టీ 5 శాతమే. అంతకు ముందు వెయ్యి దాటితే 18 శాతం ఉండేది.

ధర కన్నా ముఖ్యం చేతి పరీక్ష. సివిక్ సెంటర్‌లో కొన్నా, సుపేలా ఆకాశగంగలో కొన్నా, పవర్ హౌస్ మార్కెట్‌లో బేరమాడినా, రెండు నిమిషాల్లో నాలుగు సంగతులు చూసుకోవచ్చు. ఒకటి, బూటును రెండు చేతులతో పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి. సులువుగా మెలి తిరిగితే పక్కన పెట్టేయండి. రెండు, మడమను, ముందు కొసను దగ్గరికి వంచండి. వేళ్లు మొదలయ్యే చోటే వంగాలి. నడుమ మడత పడితే అరికాలికి ఆసరా లేనట్టే. మూడు, వెనక మడమ పట్టే గిన్నెను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఎదురు నిలవాలి. నాలుగు, అట్ట చూడండి. తేనెరంగులోనో, మరే రంగులోనో ఉండే గమ్ రబ్బరు కావాలి. గోరుతో నొక్కితే కొద్దిగా దిగాలి. దుకాణం టైల్స్ మీద కాలు పక్కకు రుద్దితే కీచుమనాలి. ఆ కీచు శబ్దం కోసమే మీరు డబ్బు ఇస్తున్నారు.

దుకాణదారు ‘నాన్ మార్కింగ్ సార్’ అంటాడు. అది నేలకు ఇచ్చే హామీ, మీ కాలికి కాదు. చెక్క నేల మీద, సింథటిక్ మ్యాట్ మీద నల్లటి గీతలు పడవని మాత్రమే దాని అర్థం. పట్టు, ఆసరా వేరే పరీక్షించుకోవాలి. అలాగే ఏడు వందలకు పెద్ద కంపెనీ బూటు దొరికిందంటే సంబరపడకండి. పెద్ద పేరున్న నకిలీ కన్నా చిన్న పేరున్న అసలు జత వెయ్యి రెట్లు మేలు.

కొలత దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. బూట్లు సాయంత్రం కొనాలి. పగలంతా నిలబడిన కాళ్లు అప్పటికి కాస్త ఉబ్బుతాయి, ఆటలోనూ అంతే. ఆటకు వేసుకునే మందపాటి సాక్సులతోనే వెళ్లండి. పొడవైన వేలి ముందు అర అంగుళం లోపు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. దుకాణంలోనే నాలుగడుగులు పరుగెత్తి గభాల్న ఆగండి. వేళ్లు ముందుకు గుద్దుకుంటే ఆ సైజు మీది కాదు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, ఉత్తి కాళ్లతో పెరిగినవారికి పాదం ముందు భాగం వెడల్పుగా ఉండటం మామూలే. అలాంటివారు సైజు పెంచకుండా, వెడల్పు ఎక్కువ ఉన్న మోడల్ అడగాలి. కంపెనీ కంపెనీకీ నంబరు మారుతుంది కాబట్టి పెట్టె మీది సెంటీమీటర్ల అంకె చూసుకోవడం క్షేమం. పిల్లలకు ‘వచ్చే ఏడాదికీ పనికొస్తాయి’ అని రెండు సైజులు పెద్దవి కొనకండి. లోపల పాదం జారే బూటు ఆసరా కాదు, ఆటంకం.

కోర్టు ఏదన్నదీ ముఖ్యమే. చలికాలం రాత్రుళ్లు క్వార్టర్ల మధ్య బల్బు వెలుగులో నెట్ కట్టి ఆడే సరదా మధ్య భారతమంతటా ఉంది. కానీ సిమెంటు నేల గమ్ రబ్బరును ఆకురాయిలా అరగదీస్తుంది. ఆరుబయట ఆటకు పాత జత కేటాయించండి. హాలుకు కొన్నవి చేతిలో పట్టుకెళ్లి, అక్కడే వేసుకోండి. రోడ్డు దుమ్ము అంటిన గమ్ అట్ట చెక్క నేల మీద సబ్బులా జారుతుంది. ఆటకు ముందు తడిగుడ్డతో అట్ట తుడవడానికి పది సెకన్లు చాలు. ఎండలో ఆరబెట్టడం మాత్రం వద్దు. భిలాయ్ మే నెల ఎండకు రబ్బరు బిరుసెక్కుతుంది, అంటించిన జిగురు ఊడుతుంది. నీడలో, లోపల పాత పత్రిక కాగితాలు కూరి ఆరనివ్వండి. అట్ట మీది గాళ్లు నున్నబడినా, మడమ ఒకవైపే అరిగినా పైభాగం ఎంత కొత్తగా మెరిసినా ఆ జత పని అయిపోయినట్టే.

మంచి బూటు అన్నిటికీ మందు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రపంచంలోకెల్లా మేలైన బూట్లు వేసుకునే స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ 2019లో ఒక మోకాలి స్నాయువు, 2021లో రెండోది తెగి, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ మోకాలు చెడి కోర్టులోనే కూలబడింది. సింధు 2022 కామన్వెల్త్ స్వర్ణాన్ని ఎడమ చీలమండ గాయంతోనే గెలిచింది. గోపీచంద్ మోకాలి శస్త్రచికిత్సలు దాటుకుని వచ్చి 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ సాధించాడు. బూటు ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు. మిగతా పని పిక్కలది, తొడలది. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, ఇంట్లో పళ్లు తోముకునేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడటం, మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి దిగడం. ఇవన్నీ ఉచితం.

కాబట్టి ఈసారి కొత్త రాకెట్ మీదికి మనసు పోతే ఒక్క క్షణం ఆగి కిందికి చూడండి. పాత రాకెట్‌తో ఇంకో ఏడాది ఆడవచ్చు. మహా అయితే పాయింట్లు పోతాయి. షటిల్ బరువు ఐదు గ్రాములే. దాని కోసం ఎగిరి దిగే మీ బరువంతా మోసేది ఒక్కోసారి ఒంటి కాలే.