టీకా త్వరగా వస్తే తప్పా?

ఈ దసరా సంచికను పండగ కబుర్లతో మొదలుపెట్టాలనుకున్నాం గానీ కుదరలేదు. అమెరికా ఆరోగ్య శాఖ 2025 ఆగస్టులో 22 ఎంఆర్ఎన్ఏ టీకా ప్రాజెక్టులకు దాదాపు 50 కోట్ల డాలర్ల నిధులు ఆపేసినప్పటి నుంచీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: కోవిడ్ టీకా హడావిడిగా చేసిందేనని ప్రభుత్వమే ఒప్పుకుందట! ప్రభుత్వం చెప్పిన కారణం అది కానే కాదు. శ్వాసకోశ వైరస్‌ల మీద ఇవి సరిగా పనిచేయవని అంది, దాన్ని చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు.

ఏడాది తిరక్కుండా టీకా వచ్చిందంటే ఎక్కడో కోత పడే ఉంటుందన్న అనుమానం సహజమే. కోత పడింది ఎక్కువగా నిరీక్షణకే. 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటపడే నాటికే ఎంఆర్ఎన్ఏ మీద శాస్త్రవేత్తలు కరికో, వైస్‌మన్‌ల కీలక పరిశోధన అచ్చయి పదిహేనేళ్ళు. మామూలుగా ఒక దశ ముగిశాక డబ్బు వెతుక్కుని తర్వాతి దశకు వెళ్తారు. ఈసారి ప్రభుత్వాలు ముందే డబ్బు పెట్టాయి గనక దశలు కలిసి నడిచాయి, ఫలితం రాకముందే డోసులు తయారయ్యాయి. టీకా విఫలమైతే పోయేది ఆ డబ్బే. ఫైజర్ మూడో దశలో 43 వేల మందికి పైగా పాల్గొన్నారు. చుట్టూ జబ్బు అంతగా ఉన్నప్పుడు తేడా తేలడానికి ఏళ్ళు పట్టదు.

అందరూ పద్ధతిగానే చేశారా? లేదు. మన హైదరాబాద్ కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ఇచ్చేటప్పటికి మూడో దశ ఫలితాలు రాలేదు. తర్వాత 77.8 శాతం సామర్థ్యం తేలింది. అయినా అప్పుడు రేగిన అనుమానం పూర్తిగా చల్లారలేదు. డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు ఆ ఏడాది నవంబరు 3న వచ్చింది, అమెరికా ప్రయాణాలకు గుర్తింపు ఉన్న టీకా ఉండాలన్న అప్పటి నిబంధన 8వ తేదీ నుంచి అమలైంది. కోవాగ్జిన్ వేయించుకున్న తల్లిదండ్రులున్న ఇళ్ళు పడ్డ ఆదుర్దా మళ్ళీ చెప్పక్కర్లేదు. మందుల సంగతీ అంతే. సరైన రుజువు లేకుండా హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు ఇచ్చిన అత్యవసర అనుమతిని అమెరికా 2020 జూన్ 15న వెనక్కి తీసుకుంది. మర్నాడే, డెక్సామెథసోన్ వల్ల వెంటిలేటర్ మీదున్నవారి మరణాలు మూడో వంతు తగ్గాయని బ్రిటన్ రికవరీ ట్రయల్ ప్రకటించింది. రెండూ పాత మందులే, చవకవే. ఒకదాన్ని ఆశ కొద్దీ ఇచ్చారు, రెండోదాన్ని పరీక్షించి చూశారు.

దుష్ఫలితాల మాటేమిటంటారా? ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత కుర్రవాళ్ళలో అరుదుగా గుండె కండరం వాపు కనిపించింది. టీకా ఇచ్చాక కూడా నిఘా పెట్టారు గనకే అది పట్టుబడింది. ఇవన్నీ తెలిసిన డాక్టర్లు, ఫార్మా ఉద్యోగులు ఇంతమంది ఉన్న మన సంఘం నుంచే ఆ ఫార్వర్డులు పోతుంటే ఏమనాలి? అమెరికాలో ఉన్న అబ్బాయి పంపాడంటే ఊళ్ళో పెద్దవాళ్ళకు అది వేదం. అది చూసి ఎనభై ఏళ్ళ నాన్నగారు ఫ్లూ టీకా మానేస్తే, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళేది పక్కింటివాళ్ళు. మనం ఫోన్లో ఏడుస్తాం, అంతే. పంపేముందు మన ఆరోగ్య కమిటీ డాక్టర్లను ఒక్కమాట అడగండి, మీకు పుణ్యముంటుంది.